పోలండ్ సేనాపతి పెళ్ళి

వంటగది తాళం తెరిపించుకున్న రోజు సాయంత్రం ఆయన పోలండ్ సేనాపతికి పెళ్ళి చేశాడు.

దోహా పారిశ్రామికవాడలో ఒక నిర్మాణ కంపెనీ క్యాంపు అది. వెనకవైపు నీళ్ళ ట్యాంకు నీడలో కూలీలంతా కూర్చున్నారు. ముందు రోజు ఉదయం వాళ్ళు డ్యూటీ బస్సులెక్కలేదు. ఆ రోజూ ఎక్కలేదు. మధ్యాహ్నానికి కంపెనీ దిగివచ్చి, నెలల తరబడి మూసి ఉంచిన వంటగదిని తెరిచింది. ఇక మర్నాడు బస్సెక్కాలా, లేక గదుల్లో ఏసీలు బాగుచేయడం లాంటి మిగిలిన కోరికలు కూడా తీరేదాకా ఎక్కకూడదా అన్నది తేల్చుకోవాలి. ఎక్కితే అంతటితో గొడవ సద్దుమణుగుతుంది. ఎక్కకపోతే ఉద్యోగాలు ఉంటాయో ఊడతాయో తెలియదు. ఈ సంగతి తేల్చుకోవడానికి వాళ్ళు సమావేశం పెట్టుకోలేదు. కథ పెట్టుకున్నారు.

కథ చెప్పే ఆయన నడుముకు తువ్వాలు బిగించి, ఖాళీ పెయింటు డబ్బా వాయిస్తూ, రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో పోలండ్ దేశంలో జరిగిన పోరాటాన్ని ఒగ్గు కథగా చెప్తున్నాడు. పోలండ్ సైన్యం జర్మన్లను తరిమింది. నది దాటింది. రాజధాని వార్సా చేరింది. జనం కేకలు వేశారు. అప్పుడు ఆయన గొంతు మార్చి మంగళహారతి వరస ఎత్తుకున్నాడు.

నా పక్కన ఆ కంపెనీ ఇంజనీరు ఒకాయన నిలబడి ఉన్నాడు. పోలండ్ మనిషి. ఆయనకు మాటలు మార్చి చెప్పే సత్తిబాబు అమలాపురం వైపు వాడు, సర్వేయర్ దగ్గర అసిస్టెంటు. ఇప్పుడేం జరుగుతోందని ఆయన సత్తిబాబును అడిగాడు. సత్తిబాబు ఇంగ్లీషులో ఏదో చెప్పి, నా వైపు తిరిగాడు.

"పెళ్ళండి బాబూ. జనరల్ గారికి పెళ్ళి చేసేత్తన్నాడు. రాజుగారి కూతుర్నిచ్చి. ఆయ్!"

పోలండాయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత, "అప్పటికి మాకు రాజు లేడు," అన్నాడు. ఇంకాసేపటికి, "ఆ జనరల్‌కు యాభై దాటాయి. వార్సా చేరాడు, నిజమే. చేరాక ఆ నగరం లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే," అన్నాడు.

ఆ మాటలను సత్తిబాబు జనానికి తెలుగులో చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు.

ఆ కథ చెప్పినాయన పోయిన నెల చనిపోయాడు. బర్వా అల్ బరాహా అనే కార్మికుల కాలనీలో, డ్యూటీ నుంచి వచ్చి తన మంచం మీద పడుకుని, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందని రాశారు. ఇక్కడ నిద్రలో పోయిన మనవాళ్ళకు చాలామందికి అదే రాస్తారు. సత్తిబాబు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పి, "మంచోడేనండి. మంచోడు కాదనలేం," అన్నాడు. ఆ రెండో వాక్యం అతను ఎందుకన్నాడో నాకు తెలుసు.

క్యాంపులో అందరూ ఆయన్ని ఒగ్గు కాక అనేవారు. నేనూ అలాగే రాస్తాను. జగిత్యాల దగ్గర ఒక పల్లె. కురుమల ఇంట పుట్టి, మల్లన్న కథలూ బీరప్ప కథలూ చెప్పే మేనమామ వెంట చిన్నప్పుడు డోలు మోశాడు. వంత పాడాడు. మెడ కొంచెం ఎడమకు వంగి ఉండేది. డోలు బరువుకు వంగిన మెడ అని చెప్పుకునేవాడు. యాభై దగ్గర పడ్డ వయసు. కతార్‌లో ఆయన పని స్కాఫోల్డింగ్, అంటే భవనం చుట్టూ ఇనుప పైపులతో పరంజా కట్టడం. పైపును స్పానరుతో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "మంచి పైపు పాడుతది సారు. చెడ్డది దగ్గుతది," అనేవాడు. ఎత్తు అంటే ఏమాత్రం భయం లేదు. ఈ మాట గుర్తుంచుకోవలసినది. ఆయన పిరికివాడు కాదు.

కొత్త మనిషి కనిపిస్తే పేరు అడిగేవాడు కాదు. "మీ ఇలువేల్పు ఎవలు?" అని అడిగేవాడు. అప్పట్లో నేను దోహాలోని అల్ మన్సూరాలో ఉంటూ ఇక్కడి ఒక పత్రిక డెస్కులో పని చేస్తూ, శుక్రవారాలు క్యాంపులు తిరిగేవాణ్ణి. నన్నూ అడిగాడు. నేను తడబడితే జనం వినేలా, "పేపరోళ్ళకు ఇలువేల్పు ఉండడా? మరి ఎవని మీద ఒట్టేసి రాస్తరు సారూ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

కథ మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఒకే మాట అనేవాడు. "కథ నాది. కాళ్ళు మీయి. కూసుంటే కూసోండ్రి, పోతే పోండ్రి." ఎవరూ పోయేవారు కాదు.

ఊళ్ళో ఒగ్గు కథ పెట్టించే ఇంటాయన పేరును మధ్యమధ్య కథలో పొగుడుతారు. క్యాంపులో కథ పెట్టించే ఇంటాయన ఎవరూ లేరు కాబట్టి, కాక వినేవాళ్ళందరినీ కథలోకి లాగేవాడు. మల్లన్న మంద కాసే వాడు లింగంపల్లి నర్సయ్య. బీరప్పకు నీళ్ళు తెచ్చేవాడు నేపాలీ బహదూర్. బహదూర్‌కు తెలుగు రాదు, అయినా తన పేరు వినిపించే చోటు కోసం చెవులు రిక్కించి కూర్చునేవాడు. రోజంతా హెల్మెట్ నంబరుతో పిలిపించుకునే మనుషులకు సాయంత్రం పేరుతో పిలుపు. ఆయన కథ పట్టుకున్నది అక్కడే. తర్వాత జరిగినదానికి మూలం కూడా అక్కడే ఉంది.

పోలండాయన్ని కూడా అదే ప్రశ్న అడిగాడు. స్లాబు పోసే ముందు చెక్కలూ పైపులూ చూసుకోవడానికి వచ్చే ఇంజనీరు ఆయన. ఎండకు చెవులు ఎర్రబడేవి. టీ విరామంలో కాక సత్తిబాబును మధ్యన పెట్టుకుని, ఈ దొర ఇలువేల్పు ఎవరో కనుక్కోమన్నాడు. సత్తిబాబు ఎలా చెప్పాడో గానీ, ఆయన, "దేవుడెవరూ లేడు. తాత ఉన్నాడు," అన్నాడు.

ఆ తాత సిపాయి. 1939 సెప్టెంబరులో జర్మన్లు పోలండ్ మీద పడి, నేరుగా రాజధాని వైపు పరుగు తీశారు. పడమటి వైపున్న ఒక పోలండ్ సైన్యాన్ని పట్టించుకోకుండా పక్కనుంచి దాటిపోయారు. ఆ సైన్యం వెనక్కి నడుస్తూ నడుస్తూ, బ్జూరా అనే నది దగ్గరికి వచ్చేసరికి, దక్షిణాన జర్మన్ సైన్యం పక్క భాగం పొడుగ్గా, కాపలా పలచగా, కనిపించింది. సేనాపతి అక్కడ కొట్టమన్నాడు. గెలిచామనుకుని ముందుకు ఉరుకుతున్నవాడి డొక్కలో దెబ్బ. మొదటి రోజుల్లో పోలండ్ వాళ్ళే గెలిచారు. ఊళ్ళు తిరిగి పట్టుకున్నారు, జర్మన్లను ఖైదు చేశారు. అప్పుడు జర్మన్లు వార్సా గుమ్మం దాకా వెళ్ళిన ట్యాంకులను వెనక్కి తిప్పారు, విమానాలు తెచ్చారు. పోలండ్ సైన్యం ఆ నది చుట్టూ చిక్కుకుపోయింది. అడవిలో పడి కొన్ని దళాలు మాత్రం రాజధాని చేరాయి. ఆ నెలాఖరుకు రాజధానీ లొంగింది. తాత నది దాటుతుండగా చూసినవాళ్ళున్నారు. దాటాక చూసినవాళ్ళు లేరు.

ఇదంతా ఆయన మొదటిరోజే చెప్పాడు, చివరిదాకా. సత్తిబాబు ఒక్క ముక్క వదలకుండా తెలుగు చేశానని ఇప్పటికీ అంటాడు. కాక విని, చేతులు జోడించి, "మీ తాత పెద్ద వేల్పు సారు. ఇగ ఈ కథ నాకు ఇయ్యి," అన్నాడు. పోలండాయన నవ్వి, తీసుకోమన్నాడు.

తర్వాతి శుక్రవారమే పోలండ్ కథ మొదలైంది. ఊళ్ళో మల్లన్న పెళ్ళికి పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో నేల మీద పట్నం వేస్తారు. కాక ఇక్కడ సైటులో గుర్తులు పెట్టే సున్నంతో యుద్ధరంగం వేశాడు. సున్నం తెచ్చింది సత్తిబాబు. నదిని పోలండాయన ఒకసారి వచ్చి సరిచేశాడు. తూర్పుకు పారి ఉత్తరానికి మళ్ళాలట. ఎప్పటిలాగే వినేవాళ్ళంతా సైన్యంలో చేరిపోయారు. నర్సయ్య ఫిరంగి పట్టాడు. బహదూర్ కొండ మీద కాపలా. అక్కడ కొండ లేదని పోలండాయన అన్నాడు. నేపాలోడికి కొండ లేకపోతే ఎట్లా అన్నాడు కాక.

గుర్రపు దళానికి పెద్ద రాజన్న.

రాజన్న కాక భార్యకు తమ్ముడు. రాడ్ బెండింగ్ పని. ముప్పై ఏళ్ళుంటాయి, మీసం మీద శ్రద్ధ ఎక్కువ. ఉన్న గొర్రెల మందనంతా అమ్మి బావను పట్టుకుని కతార్ వచ్చాడు. ఊళ్ళో ఇక కాయడానికి మంద లేదు. తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండమని భార్య చెప్పి పంపిందని కాక నాతో చాలాసార్లు అన్నాడు.

"అగో, నల్ల గుర్రమెక్కిండు ఎవడు?" అని డబ్బా మీద దరువేసేవాడు. "మా బామ్మర్ది రాజన్న! వాని మీసం జూసి జర్మనోని గుర్రం నిలుసున్న కాడ్నే మూత్రం వోసింది!"

"ఏ బావా, జర్మనోనికి ట్యాంకులుంటయి గని గుర్రాలేడియి?" అని రాజన్న అరిచేవాడు.

"ట్యాంకు వోస్తే దాన్ని డీజిల్ అంటర్ర. కూసో!"

క్యాంపు గొల్లుమనేది. ప్రతి శుక్రవారం కథ నది దాటే దాకా వచ్చి ఆగేది. "మిగిలింది మల్ల జుమ్మాకు," అని తువ్వాలు విప్పేవాడు.

వంటగది గొడవ ఆ రోజుల్లోనే పెద్దదైంది. ఎవరి పొయ్యి దగ్గరో చిన్న మంట లేచిందని కంపెనీ వంటగది మూసేసి, క్యాటరింగ్ పెట్టింది. తెల్లవారకముందే కట్టిన పొట్లం మధ్యాహ్నం సైటులో విప్పితే అన్నం తీగలు సాగేది. పప్పు మీద నురగ ఉండేది. కడుపు నొప్పితో పరంజా దిగి వచ్చేవాళ్ళు. చెబితే క్యాంప్ బాస్, "వంటగది మాఫీ," అంటే లేదు పొమ్మని, చేతులు ఊపేవాడు.

ఒక శుక్రవారం కథ అయ్యాక రాజన్న బావ పక్కన చతికిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

"బావా, మనల్ని గూడ కంపెనోళ్ళు గట్లనే దాటుకపోయిండ్రు గద. వీళ్ళతోటి ఏమైతది అనుకుంటుండ్రు. పక్కకెల్లి కొడితే?"

కాక తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "కథ నాది, కాళ్ళు మీయి," అన్నాడు. కొట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. రాజన్నకు అది కొట్టమన్నట్టే వినిపించింది.

వాళ్ళు ఎంచుకున్నది కాంక్రీటు పోసే రోజు. కాంక్రీటు లారీలు సైటు గేటు ముందు వరసగా నిలబడి తొట్లు తిప్పుతున్నాయి. పోసేవాళ్ళు లేరు. కాంక్రీటు ఆగదు, గడ్డకడుతుంది. క్యాంపులో బస్సుల ముందు రాజన్న నిలబడి, "ఖానా తీక్ నహీ, డ్యూటీ నహీ," అని ఒకటే మాట. వెనక నర్సయ్య, బహదూర్, సైన్యమంతా. ఆ రోజు పోయాల్సిన స్లాబు పోలండాయనదే. "మా తాత యుద్ధం నా స్లాబు మీదే చేశారు," అని ఆయన సత్తిబాబుతో అన్నాడట. కోపంగా అన్నాడో, సంతోషంగా అన్నాడో సత్తిబాబు చెప్పలేకపోయాడు.

రెండో రోజు మధ్యాహ్నం వంటగది తెరిచారు. నేను వెళ్ళేసరికి ఉల్లిగడ్డలు వేగుతున్న వాసన, పచ్చి పులుసు, కోడికూర. క్యాంప్ బాస్‌కు కూడా ఒక గిన్నె ఇచ్చారు. అతను తిన్నాడు. అంత గెలుపు గల్ఫ్‌లో మనవాళ్ళకు దొరకడం నేను అరుదుగా చూశాను.

సాయంత్రానికి కాస్త ముందు పోలండాయన తన కారులో సత్తిబాబును ఎక్కించుకుని వచ్చాడు. ఆఫీసులో విన్నది చెప్పడానికి వచ్చాడు. ఇలా వచ్చినట్టు తెలిస్తే ఆయన ఉద్యోగానికే ముప్పు. కాకను ట్యాంకు పక్కకు పిలిచాడు. నేనూ వెళ్ళాను. ఆయన మొదట అన్న మాట, "జర్మన్ ట్యాంకులు వెనక్కి తిరిగాయని చెప్పు."

సత్తిబాబు దాన్ని విడమర్చాడు. "కాకా, ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ సైటు నుంచి మీ బదులు మన కంపెనీ జనాన్నే దింపుతున్నారంట. రేపు మీరంతా బస్సెక్కితే ఏమీ అనరంట, వంటగదీ ఉంటదంట. ఎక్కకపోతే మాత్రం ఖలాస్. ఇంటికి పంపే టిక్కెట్లు కూడా మాట్లాడేశారంట. అందుకని ఇయ్యాల కథ చివర్దాకా చెప్పమంటన్నారు. ఉన్నదున్నట్టు."

"ఉన్నదున్నట్టంటే?"

"ఓడిపోయారు కదా. అది."

కాక పెయింటు డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. "సావుతోటి కథ ఆపి లేవద్దు సత్తిబాబూ. కథల మనిషి సావచ్చు, కథ సావద్దు. పెండ్లి కాకుండ లేస్తే ఇన్నోళ్ళకు అరిష్టం. మా మేనమామ నా నోట్లె ఉమ్మేస్తడు."

"ఆయన పోయి ఎన్నేళ్ళయ్యింది కాకా!"

"పోయినోనికే అన్నీ ఎర్కైతయి."

పోలండాయనకు ఓపిక తగ్గింది. కథ వద్దు, మామూలుగా ఒక్క మాట చెప్పమను, రేపు బస్సెక్కండని చెప్తే చాలు అన్నాడు.

"వట్టిగ జెప్తే నా మాట ఎవడింటడు సారు?" అన్నాడు కాక. ఈసారి సత్తిబాబుతో కాదు, సూటిగా ఆయన ముఖంలోకి చూస్తూ, తెలుగులోనే. "నేను పైపులు కట్టెటోన్ని. కథల జెప్తేనే ఇంటరు. కథల నేను ఓటమి జెప్ప."

"మీ బామ్మర్ది ముందున్నాడు," అన్నాను నేను.

"వాడు గుర్రమెక్కినోడు సారు," అని నవ్వాడు. ఆ నవ్వును నేను చాలాసార్లు తలుచుకున్నాను. మనిషి భయపడి నవ్వాడా, మొండికెత్తి నవ్వాడా అని చూశాను. రెండూ కాదనిపిస్తుంది. తన కథను తానే నమ్మినవాడి నవ్వు అది. అంతకంటే ప్రమాదకరమైనది క్యాంపుల్లో నాకు ఎదురుపడలేదు.

మిగిలింది మొదట్లో రాశాను. కథ ఈసారి నది దగ్గర ఆగలేదు. రాజన్న గుర్రం బ్జూరా దాటి, అడవి దాటి, వార్సా కోట తలుపు తన్నింది. వెంట పోలండాయన తాతా వచ్చాడు. రాజుగారు ఎదురొచ్చారు. పెళ్ళి జరిగింది. తలంబ్రాలుగా వంటగదిలోంచి తెచ్చిన బియ్యం చల్లారు. పట్నం తొక్కడం ఆచారం కాబట్టి, అందరూ లేచి ఆ సున్నపు యుద్ధరంగం మీద పాదాలు వేస్తూ దరువుకు ఆడారు. నది చెరిగిపోతుంటే పోలండాయన కారెక్కాడు. రాజన్న హెల్మెట్ గాల్లోకి విసిరి, "రేపు గూడ ఎక్కం! ఏసీలు బాగుచేసిందాక ఎక్కం!" అన్నాడు. అందరూ ఎక్కం, ఎక్కం అని అరిచారు.

మూడో ఉదయం షమాల్ నుంచి బస్సులు వచ్చాయి. అందులో ఉన్నవాళ్ళూ మనవాళ్ళే. కొందరు ఒకే మండలం వాళ్ళు. తలలు దించుకుని కూర్చున్నారు. వీళ్ళలో ముందు నిలబడ్డవాళ్ళను గదుల వారీగా, మెడికల్ ఉందని పిలిచారు. అక్కణ్ణించి విమానాశ్రయానికి. రాజన్నది మొదటి బస్సు. కిటికీలోంచి తల బయటపెట్టి, "బావా, అక్కకు నువ్వే జెప్పు!" అని అరిచాడు. ఆ అరుపులో నింద లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

కాకను ఎవరూ పిలవలేదు. క్యాంప్ బాస్ దృష్టిలో ఆయన వెనక కూర్చుని పాటలు పాడే ముసలాయన. తెలుగు రానివాడికి ఆ కథ ఏం చేసిందో తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పలేదు. పోయినవాళ్ళలో ఒక్కడు కూడా ఆయన పేరు ఎత్తలేదు. ఆయనా ముందుకు వెళ్ళి, నేనే అని నిలబడలేదు. ట్యాంకు నీడలో కూర్చుని బస్సులు కదలడం చూశాడు. మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు. అంతెత్తు పరంజా మీద చెయ్యి పట్టుకోకుండా నడిచే మనిషి.

నేను పనిచేసే పత్రికలో రెండు వాక్యాలు వచ్చాయి. ఒక క్యాంపులో స్వల్ప వివాదం, పరిష్కారమైంది అని. వంటగది మాట లేదు.

కాకతో ఆయన భార్య ఫోనులో మాట్లాడటం మానేసింది. ఈయన ఫోన్ చేస్తే పిల్లలకిచ్చేది. పోలండాయన కాంట్రాక్టు ముగిసి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు కాకను కలవలేదు. కథ ఇచ్చినందుకు బాధపడుతున్నాడా అని సత్తిబాబును అడిగాను. "కథ గురించి అనలేదండి. మా తాతని బతికించి పెళ్ళికి తీసుకెళ్ళాడు, ఆ ఒక్కటీ క్షమించలేనన్నాడు," అన్నాడు సత్తిబాబు.

కొన్నేళ్ళకు నేను మళ్ళీ ఆ కథ విన్నాను. బర్వా అల్ బరాహాలో, ఒక శుక్రవారం, క్రికెట్ ఆట అయ్యాక. కంపెనీ మారింది, జనం మారారు. కాక మెడ ఇంకొంచెం వంగింది. మానేసి ఉంటాడనుకున్నాను. మానలేదు. అదే సున్నం, అదే నది. కొత్తవాళ్ళు కొత్త ఫిరంగులు పట్టుకున్నారు. నల్ల గుర్రం వచ్చింది.

"అగో, ఎక్కిండు ఎవడు? మా బామ్మర్ది రాజన్న!"

ఆ గుంపులో రాజన్న ఎవరో ఒక్కరికీ తెలియదు. మీసం జోకుకు అందరూ నవ్వారు. నన్ను చూశాడు, గొంతు తడబడలేదు. పెళ్ళి చేసి, హారతిచ్చి, పట్నం తొక్కించి నా దగ్గరికి వచ్చాడు.

"రాజన్న పేరు ఇంకా ఎందుకు కాకా?" అన్నాను.

"గుర్రమెక్కినోన్ని నడి కథల ఎట్ల దించుత సారు?"

"వాడు దిగి చాలా కాలమైంది. జగిత్యాలలో ఇంకొకరి ఆటో తోలుతున్నాడు."

మెడ తుడుచుకున్నాడు. "ఎర్కే," అన్నాడు. తర్వాత, "కథ నాది సారు," అన్నాడు. కాళ్ళ మాట ఆ రోజు అనలేదు.

చనిపోయాడని విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ అనకపోవడమే. ఆయన్ని తిట్టుకోవడం తేలిక. తిట్టుకున్నాను కూడా. కానీ అన్నం తీగలు సాగిందీ నిజమే, తాళం తెరిచిందీ నిజమే. వాళ్ళను బస్సెక్కించి పంపింది ఆయన కాదు. ఒక్క సాయంత్రం ఒక్క నిజం చెప్పి ఉంటే వాళ్ళు ఉండేవాళ్ళు, రోజూ వండుకునేవాళ్ళు. చెప్పలేదు. ఈ రెంటినీ కలిపి ఒక తీర్పుగా రాయడం నాకు చేతకాలేదు.

మొన్న రాజన్న ఫోన్ చేశాడు.

"సారూ, బావను మట్టి జేసినం. అక్క పెట్టె మీద పడి ఏడ్సింది. ఇన్నేండ్లు మాట్లాడకపోతిని అని ఒకటే ఏడ్పు."

దినాలు ఎప్పుడని అడిగాను.

"దినాల నాడు కథ పెడుతున్నం. వంతలోళ్ళు వస్తుండ్రు. మల్లన్న కథ ఎవలైన జెప్తరు, ఆయిన పోలండ్ కథ జెప్పాలె అంటుండ్రు అందరు. అది మొత్తం ఎర్కున్నోన్ని నేనొక్కన్నే. అందుకే ఫోన్ జేసిన. బావ ఆఖరికి పెండ్లి జేసిండు గద. ఆ పోలండోళ్ళు నిజంగ గెలిసిండ్రా సారూ?"

"లేదు రాజన్నా. ఓడిపోయారు. మొదటి కొన్ని రోజులే గెలిచింది. తర్వాత చుట్టుముట్టారు. ఆ జనరలే రాజధానిని అప్పజెప్పాడు."

ఆటో ఇంజను చప్పుడు వినిపిస్తోంది. అతను దాన్ని ఆపాడు.

"బావకు ఎర్కేనా ఇది?"

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"మొదటి రోజు నుంచీ. ఆ సాయంత్రం చెప్పమని పోలండాయన వచ్చి అడిగాడు కూడా. నేను పక్కనే ఉన్నాను."

లైను తెగిందేమోనని రెండుసార్లు హలో అన్నాను. బావను ఒక మాట అంటాడనుకున్నాను. కథ ఎలా ముగించాలో అడుగుతాడనుకున్నాను. రెండూ చేయలేదు.

"సరే సారూ," అన్నాడు. "నా బ్యాన్ సంగతి ఏమన్న తెలిసిందా?"

తెలియలేదు. కతార్‌కు తిరిగి రావడానికి జగిత్యాల ఏజెంటు రాజన్న పాస్‌పోర్టు మీద రెండుసార్లు వీసాకు పెట్టాడు. రెండుసార్లూ తిరస్కరించారు. కారణం రాయలేదు, గడువు రాయలేదు. నేను అడిగిన చోటల్లా పంపించిన కంపెనీని అడగమన్నారు. ఆ కంపెనీ ఇప్పుడు ఆ పేరుతో లేదు. అతని మీదున్న నిషేధం కొన్నేళ్ళదో, జీవితాంతమో ఇవాళ్టికీ తేలలేదు.